అతిథులు నడిచిన పిచ్

మా ఊళ్ళో క్రికెట్ ఆడేవాళ్ళకంటే క్రికెట్ గురించి వినేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే. ఆడాలంటే నేల కావాలి, నీళ్ళు కావాలి, ఎండకు ఓర్చుకునే ఒళ్ళు కావాలి. వినడానికి కుర్చీ ఉంటే చాలు. డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాల్లో అనంతపురంలో ఒక క్రికెట్ సమాజం ఉండేది. జట్టు కూడా ఉండేది గానీ, సమాజం శ్రద్ధంతా అతిథి ఉపన్యాసాల మీదే.

నేనప్పుడు ఒక తెలుగు దినపత్రికకు విలేఖరిని. ఎండిన బావులు, పశుగ్రాసం, వేరుశనగ ధర, కరువు పనుల దగ్గర కొట్లాటలు, వీటితో వారమంతా గడిచేది. శనివారం సాయంత్రం ఉపన్యాసం ఉంటే మాత్రం గుండెల మీద బరువు దింపుకున్నట్టు వెళ్ళి కూచునేవాణ్ణి. కాసేపు నీళ్ళ గొడవ లేని మాటలు వినొచ్చు, మిరపకాయ బజ్జీలు తినొచ్చు.

సమాజం కార్యదర్శి ఒక లాయరు. కోర్టులో ఆయన గెలిచిన కేసులు నాకు గుర్తు లేవు గానీ, రైల్లో పోయేవాళ్ళను దింపడంలో ఆయన్ను మించినవాడు లేడు. బెంగుళూరు వైపు పోయే పాత ఆటగాడెవరైనా ఉన్నాడని తెలిస్తే చాలు, ముందుగా టెలిగ్రాం ఇచ్చి, స్టేషనుకు పూలదండతో వెళ్ళి, ఒక రాత్రికి దింపుకునేవాడు. అలా ఒక రిటైరయిన అంపైరు వచ్చాడు. రేడియోలో వ్యాఖ్యానం చెప్పిన ఒకాయన వచ్చాడు. ఇంకొకాయన గొప్పతనమల్లా ఒక పేరున్న ఆటగాడి వేలు విరిగితే అతని బదులు ఒక పూట ఫీల్డింగ్ చేయడం. ఆ పూట గురించి ఆయన గంటన్నర మాట్లాడాడు. మేమూ కదలకుండా విన్నాం.

చివర్లో ప్రశ్నలుండేవి. లెక్చరర్లు, డాక్టర్లు, నూనె మిల్లుల వాళ్ళు లేచి అడిగేవారు.

"సార్, ఆ వెస్టిండీసోళ్ళు అంత జోరుగా ఏస్తారే, ఏం తింటారు సార్?"

"మన సంగటి తిననీ, ఇంకా జోరుగా ఏస్తారు," అని వెనకనుంచి ఎవరో.

"సంగటి తింటే నువ్వేసినావా ఎప్పుడన్నా?"

హాలంతా నవ్వు. మర్నాడు నా పత్రికలో నాలుగు లైన్లు వచ్చేవి. అతిథి ఆటలోని మెళకువలను చక్కగా వివరించారని, సభ్యులు ఆసక్తిగా విన్నారని.

ఈ సాయంత్రాలకు ఒక ఆచారం ఉండేది. మా గ్రౌండులో గడ్డి మొలవదు. ఎర్రమట్టి, దానిలో గవ్వలంత గులకరాళ్ళు. అందుకని కొబ్బరి పీచుతో నేసిన పొడవాటి మ్యాట్ పరిచి, అంచుల్లో ఇనుప మేకులు కొట్టి, దాని మీద ఆడేవాళ్ళం. ఊరికంతా అదొక్కటే పిచ్. ఇంకో మ్యాట్ చూడాలంటే గుంతకల్లు పోవాలి. అంతకుముందు ఉన్న దాన్ని ఎవరో ఎద్దుల కొట్టంలో పరుచుకోవడానికి ఎత్తుకుపోయారు కాబట్టి, దీన్ని ఆట కాగానే చుట్టి హాల్లో ఒక మూల పెట్టేవారు.

మొదటి ఉపన్యాసం రోజు, ఆ రిటైరయిన అంపైరు వస్తాడనగా, హాలు నాపరాళ్ళు అప్పుడే కడిగి జారుడుగా ఉన్నాయి. పెద్దాయన జారి పడతాడేమోనని ఎవరో ఆ మ్యాట్‌ను వాకిలి నుంచి వేదిక దాకా పరిచారు. ఆయన గుమ్మంలోకి వచ్చి, కింద ఉన్నది ఏమిటో చూసి ఆగాడు. చెప్పులు విడిచాడు. వంగి దాన్ని తాకి, కళ్ళకద్దుకుని, మెల్లగా వేదిక దాకా నడిచాడు. ఎవరూ చెప్పకుండానే రెండు వైపులా సభ్యులు లేచి, బ్యాట్స్‌మన్ మైదానంలోకి వస్తున్నట్టు చప్పట్లు కొట్టారు. నేను చూసిన సభల్లో అంత బాగున్న క్షణం మరొకటి లేదు.

ఆ రోజు నుంచే అది ఆచారమైపోయింది. ప్రతి అతిథీ మ్యాట్ మీదే నడిచి రావాలి. తర్వాత వచ్చినవాళ్ళు చెప్పులు విడవలేదు. ఒకాయన దాని మీదే నిలబడి కిళ్ళీ ఉమ్మడానికి చోటు వెతికాడు. కుర్చీల కాళ్ళకు అది చిల్లులు పడేది, టీ మరకలు పట్టేది. ఆదివారం ఆడబోయే జట్టు దానిలోని బజ్జీ ముక్కలు, వేరుశనగ పొట్టు దులుపుకుని గ్రౌండులో పరుచుకునేది. ఆటగాళ్ళు గొణిగితే కార్యదర్శి ఒకే మాట అనేవాడు.

"ఏమప్పా, పెద్దోళ్ళ కాళ్ళు పడిన పిచ్ ఇది. మీకు పుణ్యం."

ఆ జట్టులో ఒక ఎడమచేతి స్పిన్నరు ఉండేవాడు. ధర్మవరం వాడు. ఇంట్లో పట్టు మగ్గాలు. వారమంతా నాయనతో కలిసి నేసి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆటకు వచ్చేవాడు. మనిషి కొంచెం పొగరు. ఎవరైనా క్యాచ్ వదిలితే అక్కడే, అందరి ముందే తిట్టేవాడు. పెద్దా చిన్నా లేదు. ఒకసారి డాక్టరుగారు సులువైన క్యాచ్ వదిలేస్తే, "సార్, ఆ చేతుల్తోనేనా మీరు సూదులేసేది?" అన్నాడు. అతనంటే జట్టులో చాలామందికి పడేది కాదు. కానీ అతను బంతి వేస్తుంటే తిట్టేవాళ్ళు కూడా మాటలు ఆపి చూసేవారు. బంతి మ్యాట్ మీద పడి, ఒక్క క్షణం పట్టుకున్నట్టు ఆగి, పక్కకు తిరిగేది. అలా చాలామందిని అవుట్ చేసేవాడు.

ఎంతమందిని చేసినా అతనికి తృప్తి లేదు. ఎందుకో ఒక రోజు ఆట అయ్యాక టీ అంగడి దగ్గర నాతో చెప్పాడు.

"ఈడ నాకు అవుటయ్యేది ఎవరన్నా? ఒక బ్యాంకాయన, ఒక ప్లీడరు, ఉరవకొండ నుంచి వచ్చిన సెనక్కాయల వ్యాపారి. వీళ్ళను అవుట్ చేసినంత మాత్రాన నేను బౌలర్నా? చప్పట్లు కొట్టేటోళ్ళకీ తెలీదు, తిట్టేటోళ్ళకీ తెలీదు. తెలిసినోడు ఒకడు నిలబడి చూసి, రేయ్ నువ్వు బాగేస్తావు అనో, ఇది ఎందుకూ పనికిరాదు పోరా అనో చెప్పల్ల. అంతే నాకు కావల్సింది."

"రాష్ట్ర జట్టుకు ఎంపిక కావాలని లేదా?"

"ఎందుకు లేదు? కుర్రోళ్ళ జట్టుకు ఈ ఏడుతో నా వయసు అయిపోతాది. నాయన ఏమో, ఈ ఏడు దాంక ఆడుకో, తర్వాత ఆదివారం కూడా మగ్గం మీద కూచోల్ల అంటాండాడు. ఆయన తప్పు లేదులే. కానీ నాకేమో, నేను యా రకమో తెలీకుండా కూచోవాలంటే మనసొప్పడం లేదు."

ఆ ఏడాదే కార్యదర్శి ఒక పెద్ద చేపను పట్టాడు. కోస్తా వైపు నుంచి ఒక పాత ఆటగాడు. కుర్రాళ్ళ జట్టును ఎంపిక చేసేవాళ్ళలో ఒకడు. స్వయంగా స్పిన్నరు. ఇంతవరకు వచ్చిన అతిథుల్లో, చూసి చెప్పగలిగినవాడు ఈయనొక్కడే. శనివారం సాయంత్రం ఉపన్యాసం, ఆదివారం మధ్యాహ్నం బండికి ప్రయాణం. మధ్యలో పొద్దున పూట ఖాళీ. స్పిన్నరు కార్యదర్శి ఇంటికి వెళ్ళి అడిగాడు. కార్యదర్శి సంతోషంగానే ఒప్పుకున్నాడు.

"దానికేముందప్పా! పొద్దున్నే కారులో తీసుకొస్తా. నువ్వు ఏస్తా ఉండు, ఆయన చూస్తా ఉంటాడు. మన జిల్లా పేరు నిలబెట్టల్ల నువ్వు."

ఆ మాట ఇచ్చేటప్పుడు ఆయన అబద్ధం ఆడలేదు. ఇప్పటికీ నేనలాగే అనుకుంటాను.

పెద్ద అతిథి కాబట్టి పాత హాలు చాలదన్నారు. కొత్తగా కట్టిన ఒక కల్యాణ మండపాన్ని దాని యజమాని ఉచితంగా ఇచ్చాడు. మ్యాట్‌ను అక్కడికి మోయించి, గేటు నుంచి మెట్ల దాకా పరిచారు. బయట మట్టి నేల కాబట్టి లేవకుండా మేకులు కూడా కొట్టారు. అతిథి దాని మీద నడిచి వచ్చాడు. చప్పట్లు మోగాయి.

ఆయన బాగా మాట్లాడాడు. ఈ మాట పత్రికలో రాసినట్టు రాయడం లేదు, నిజంగానే బాగా మాట్లాడాడు. ప్రశ్నల వేళ ఎవరో జిల్లాల్లో కుర్రాళ్ళకు అవకాశాలు ఎందుకు రావు సార్ అని అడిగారు. "మేం వచ్చి చూడకపోవడం వల్లేనండీ," అన్నాడాయన. "చూడందే ఎవడి గురించీ ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. నేనైతే చెప్పను." గోడ పక్కన నిలబడి ఉన్న స్పిన్నరు ఆ మాటకు నా వైపు తిరిగి, చూసినావా అన్నట్టు తల ఎగరేశాడు. ఆ రాత్రి అతను ధర్మవరం పోకుండా ఊళ్ళోనే బంధువుల ఇంట్లో పడుకున్నాడు.

పొద్దున నేను గ్రౌండుకు వెళ్ళేసరికి స్టంపులు పాతి ఉన్నాయి, మ్యాట్ లేదు. జట్టులో నలుగురైదుగురు వచ్చారు. స్పిన్నరు మండపం వైపు నడుస్తున్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

మండపం గేటుకు అరటిచెట్లు కట్టి ఉన్నాయి. ఆదివారం అక్కడ పెళ్ళి. రాత్రి సభ కాగానే పెళ్ళివారు దిగారు. గేటు నుంచి మెట్ల దాకా మ్యాట్ పరిచింది పరిచినట్టే ఉంది, దాని మీద బంతిపూల రేకులు చల్లి ఉన్నాయి. మా కార్యదర్శి పట్టు పంచె కట్టుకుని గేటు దగ్గర పన్నీరు చల్లుతున్నాడు. మండపం యజమాని కూతురిదే పెళ్ళి.

"ఏం సార్, ఇంకా తీయలేదే?" అన్నాడు స్పిన్నరు.

"రాత్రి ఓనరు అడిగినాడప్పా. రాళ్ళల్లో పెండ్లికొడుకును ఎట్ల నడిపించేది, ఒక్క పూట ఉండనీ అన్నాడు. ఊరికే హాలు ఇచ్చినోడు, కాదంటే బాగుంటాదా? ముహూర్తం కాగానే పంపిస్తా."

"ముహూర్తం అయ్యేలోపల ఆ కోస్తా ఆయప్ప బండెక్కుతాడు సార్."

"మ్యాట్ లేకుంటే ఏసుకోలేవా? ఆయన తెలిసినోడు. చేయి చూసి చెప్పేస్తాడు."

"చేయి చూసి చెప్పేదానికి ఆయప్పేమన్నా జోస్యుడా సార్?"

కార్యదర్శి మొహం గంటు పెట్టుకున్నాడు. స్పిన్నరు చొక్కా చేతులు పైకి మడిచాడు. వంగి, గేటు పక్కన ఉన్న మేకును ఒక రాయితో కొట్టి వదులు చేసి పెరికాడు. రెండోది కూడా పెరికాడు. మ్యాట్ అంచు ఎత్తి పట్టుకున్నాడు. పూల రేకులు జారిపోయాయి.

లోపలినుంచి ఒక ముసలామె పరుగెత్తుకుంటూ వచ్చింది. పెళ్ళికూతురి అవ్వ.

"ఏం నాయనా, ఏం చేస్తాండావు? పెండ్లికొడుకు కాలు పెట్టే టయానికి కిందది లాగుతాండావే! అపశకునం కాదా? నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

"ఇది మాదవ్వా. ఆటది."

"ఎవరిదైతేనేమి నాయనా! పరిచింది పరిచినట్టు ఉండనీ. మా బిడ్డ బతుకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె నిజంగానే వంగబోయింది. వీధి మలుపులో మేళం వినిపిస్తోంది. అతను ఆ అంచు పట్టుకునే మలుపు వైపు చూశాడు. డాక్టరును ముఖం మీదే తిట్టినవాడు, కార్యదర్శిని జోస్యం మాటతో పొడిచినవాడు, ఆ ముసలామెను ఏమీ అనలేకపోయాడు. మ్యాట్ కింద పెట్టి, మేకులు మళ్ళీ కొట్టి, చేతులు దులుపుకున్నాడు. పెళ్ళికొడుకు ఊరేగింపు దాని మీదుగా లోపలికి పోయింది. కార్యదర్శి పన్నీరు చల్లాడు.

అతిథిని కారులో గ్రౌండుకు తెచ్చారు. పన్నీరు బుడ్డి ఎవరికో ఇచ్చి కార్యదర్శి కూడా వచ్చాడు. అతిథి ఖాళీ నేల చూసి, "ఇక్కడేనా వేసేదండీ?" అన్నాడు.

"మామూలుగా మ్యాట్ మీద సార్," అన్నాడు స్పిన్నరు. "ఈ పొద్దు లేదు."

మొదటి బంతి గులకరాయికి తగిలి వికెట్ కీపరు తల మీదుగా పోయింది. రెండోది పాములాగా నేల బారునే పోయింది. ఇంకొకటి బాగా పక్కకు తిరిగింది. తిప్పింది వేళ్ళా, రాయా అన్నది చూసేవాళ్ళెవరికీ తెలియలేదు. అతను వేగం తగ్గించాడు, పెంచాడు, రాళ్ళు తక్కువున్న చోటు వెతికి అక్కడ వేశాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అతిథి ముందుకు వంగి శ్రద్ధగా చూశాడు. ఆయన్ను అనడానికి ఏమీ లేదు.

"చెయ్యి తిరగడం బాగానే ఉంది బాబూ," అన్నాడు చివరికి. "కానీ బంతి ఏం చేస్తోందో నాకు అర్థం కావడం లేదు. మ్యాట్ మీద చూస్తే గానీ చెప్పలేను."

"కాసేపు ఆగండి సార్. ముహూర్తం కాగానే మ్యాట్ వస్తాది."

అతిథి కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి గడియారం చూసుకున్నాడు.

"అధ్యక్షుల వారింట్లో భోజనం సార్. మీకోసమని నిన్నటి నుంచి చేయిస్తాండారు. అట్నుంచి అటే స్టేషను."

"వయసు అయిపోతాది సార్, ఈ ఏడే ఆఖరు," అన్నాడు స్పిన్నరు. "పేరన్నా రాసుకోండి. ఎంపికలప్పుడు ఆడికొచ్చి ఏస్తా."

అతిథికి నిజంగా బాధ కలిగింది, ముఖంలో తెలిసింది. "నిన్న సభలో అంతమంది ముందు చెప్పాను కదా బాబూ. చూడనివాణ్ణి చూశానని ఎలా రాయమంటావు?" అని భుజం తట్టి కారెక్కాడు.

నన్నూ భోజనానికి పిలిచారు. సమాజం అధ్యక్షుడు నూనె మిల్లు యజమాని, తన జీవితంలో బ్యాట్ పట్టనివాడు, పెద్ద మనసున్నవాడు. సంగటి, పొట్టేలు మాంసం, వేరుశనగ చట్నీ. మా మాటలు కరువు మీదికి పోయాయి. శింగనమల చెరువు ఎండిందని ఎవరో అంటే, "మంచిదే కదప్పా, ఫీల్డింగుకు సుఖం," అని మా అధ్యక్షుడు నవ్వించాడు. అతిథి రెండోసారి సంగటి వేయించుకుంటూ అడిగాడు.

"పొద్దున ఆ కుర్రాడు ఏం చేస్తుంటాడండీ?"

"ధర్మవరంలో మగ్గం సార్. పట్టు నేస్తాడు," అన్నాడు కార్యదర్శి.

"అలాగా! మా ఆవిడ ఎప్పటినుంచో ధర్మవరం చీర అంటోంది."

"అంతకంటేనా సార్! ఆ పని మాకు వదిలేయండి."

మ్యాట్ ఆ మధ్యాహ్నం గ్రౌండుకు వచ్చిందని తర్వాత తెలిసింది. బండి మీద వేసుకుని, చెప్పినట్టే పంపించారు. అప్పటికి అక్కడ ఎవరూ లేరు. అతిథి రైలు కదులుతుండగా మేమంతా ప్లాట్‌ఫారం మీద చేతులూపాం.

మర్నాడు పత్రికలో ఉపన్యాసం వార్త వచ్చింది, ఆ పక్కనే పశువుల మేత కేంద్రాల వార్త. పొద్దున గ్రౌండులో జరిగినదానికి వార్త కాగల లక్షణం ఒక్కటీ లేదు. ఒకడు బంతులు వేశాడు, ఒకడు చూశాడు, ఏమీ తేలలేదు. డెస్కులో ఎవరూ దాన్ని వేయరు.

అతను ఆ ఏడాది మిగిలిన ఆదివారాలు కూడా వచ్చి ఆడాడు. ఎవర్నీ తిట్టలేదు. అది చూసి జట్టులో కొందరు, మనిషి బాగుపడినాడప్పా అన్నారు. ఏడు తిరిగాక రావడం మానేశాడు. ఉపన్యాసాలు మాత్రం ఇంకా చాలా ఏళ్ళు సాగాయి. ఎనభైల్లో ఇళ్ళల్లోకి టీవీలు వచ్చి, వినేవాళ్ళు చూసేవాళ్ళయ్యాక గానీ ఆగలేదు.

అతను మానేసిన మరుసటి వేసవిలో పట్టు నూలు ధర మీద రాయడానికి ధర్మవరం వెళ్ళినప్పుడు వాళ్ళింటికి పోయాను. వాకిట్లో వాళ్ళ నాయన పట్టు దారం ఆసు పోస్తున్నాడు. లోపల గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి అతను నేస్తున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"రా అన్నా, కూచో. ఈ పొద్దు యా అతిథి మాట్లాడినాడు?"

"నూలు ధర గురించి వచ్చినాలే."

"అదేముంది, పెరిగింది అని రాసుకో." నవ్వాడు. చెల్లెలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కాసేపు ఊరి మాటలయ్యాక తనే ఎత్తాడు.

"ఆ కోస్తాయనకు చీర నేనే నేసినా, తెల్సా? మన లాయరు వచ్చి చెప్తే నాయన ఒప్పుకున్నాడు. చానా బాగుండాదని చెప్పి పంపించినాడంట."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"చీర సంగతి ఆయప్ప చెప్పల్లనా నాకు?" అన్నాడు. "అది నాకు తెలీదా? నాకు తెలీంది ఒక్కటే ఉన్నింది. బాగలేదని చెప్పింటే ఈ గుంటలో నెమ్మదిగా కూచునేవాణ్ణి. బాగుండాదని చెప్పింటే, వయసు పోయినా పాయెలే, నేను ఫలానా అనుకుంటా కూచునేవాణ్ణి. ఏదీ లేకపాయె. ఇప్పుడు కండె ఏసినప్పుడల్లా అదే గ్యానం."

"నువ్వు బాగా వేసేవాడివి," అన్నాను. "నేనెన్ని ఆటలు చూడలేదు! నీలాగా తిప్పేవాణ్ణి ఈ జిల్లాలో చూడలేదు."

అతను కోప్పడలేదు. జాలిగా చూశాడు.

"నువ్వు చెప్తే ఏమొస్తాదన్నా? ఆ బజ్జీలు తిని పోయినోళ్ళను కూడా నువ్వు అందరూ బాగ చెప్పినారనే రాస్తివి."

లోపలికి తొంగి చూసిన వాళ్ళ నాయన, "ఏమప్పా, మాటలేనా?" అన్నాడు. అతను తల వంచి, దారం చుట్టిన కండె ఉన్న నాడె అందుకున్నాడు. మగ్గం మొదలైతే ఆ ఇంట్లో పక్కనున్నవాడి మాట కూడా వినపడదు. నేను కాసేపు కూచున్నాను, ఆపుతాడేమోనని. ఆపలేదు. వాళ్ళ నాయనకు చెప్పి బస్టాండుకు నడిచాను.